ఆపద తొలగినదని తెలుపు సైరన్ ఒక్క నిమిషం మోగించుట గురించి

హార్ట్‌విక్ పట్టణ పాలనాధికారి గారి సముఖమునకు, అదే ఊరు, మేపుల్ వీధి కాపురస్తుడు వెండెల్ కోస్టర్ వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: శీర్షికలోనిదే. వేరే కోరిక లేదు.

1. పాత యుద్ధ సినిమా ఒకటి మన ఊరిలో మళ్లీ తీయుటకు తమరే అనుమతించి యున్నారు. సముద్రం దాటి వచ్చిన విదేశీ సైన్యం రాజధానిని వదిలి మన హైస్కూలు ఫుట్‌బాల్ మైదానంలో పారాచూట్లతో దిగుటయు, పిల్లలు జింకల వేట తుపాకులతో వారిని తరుముటయు కథ. కథతో నాకు పేచీ లేదు.

2. సోమవారం ఉదయం చిత్రీకరణకై ఊరి సైరన్ మోగించిరి. మా తండ్రి ఆర్లో కోస్టర్, వయస్సు 83, ముప్పది యేండ్లు ఈ ఊరి పౌర రక్షణ వార్డెన్. పోస్టాఫీసు ముందు ట్యాంకును కిటికీలోంచి చూచి, నేలమాళిగలోకి దిగి ఇనుప తలుపు గడియ పెట్టుకొనిరి. ఆపద తొలగినదని తెలుపు రెండవ సైరన్ మోగనిదే ఎవరూ బయటకు రారాదని ఊరందరికీ నేర్పినది ఆయనే. తమరు మూడో తరగతిలో ఉండగా తమకును నేర్పిరి. ఆ సీనులో శత్రువు గెలుచును గనుక రెండవ సైరన్ మోగించలేదు.

3. లోపల డబ్బా పీచ్ పండ్లు ఉన్నవి. గుండె మాత్రలు లేవు. ఇక్కడ నా తప్పు ఒప్పుకొనవలసి యున్నది. ఆ సినిమాలో నేను శత్రు సైనికుడిని. భోజన విరామంలో మాత్రలతో ఆ దుస్తుల్లోనే ఇంటికి పరుగెత్తితిని. నాన్న తలుపు కన్నంలోంచి చూశారు.

"ఆ చొక్కా ఎవరిదిరా?"

"సినిమా వాళ్లది నాన్నా. సాయంత్రం తిరిగిచ్చేయాలి. తలుపు తియ్యి, మాత్ర వేసుకో."

"అట్లా చెప్పమని వాళ్లే పంపారా?"

"వాళ్లు నన్ను కెమెరాకు ముఖం కనపడకుండా తిరగమన్నారు, అంతే."

శత్రువు చేతి మందు ముట్టనన్నారు. బట్టలు మార్చుకొని పోతే, "గూఢచారులూ మామూలు బట్టలే వేసుకుంటారురా" అన్నారు.

4. నేడు బుధవారం, పదకొండో తేదీ. మాత్ర లేక మూడో రోజు. రేపు దాటితే కష్టమని డాక్టరు చెప్పినారు. రంపంతో తలుపు కోయిస్తే ఆ చప్పుడుకే గుండె ఆగవచ్చుననీ ఆయనే చెప్పినారు. తమ ఆఫీసులో అడిగితే, "సైరన్ పరీక్ష నెల మొదటి శనివారం ఒంటిగంటకండీ, అప్పటిదాకా ఆగండి" అన్నారు. అయ్యా, నేను ఆగగలను. ఆయన ఆగలేరు.

కావున తమరు దయయుంచి రెండవ సైరన్ మోగించి, ఒక ముసలి ప్రాణం నిలుపవలెనని వేడుకొను

తమ విధేయుడు,
వెండెల్ కోస్టర్

తా.క.: సంతకం చేస్తుండగా తలుపు కింద నుంచి చీటీ వచ్చింది. జతపరిచాను. అందులో ఇలా ఉంది:

"మన సైన్యం ఆఫీసరు గారికి. ఊరు మళ్లీ మన చేతికి వచ్చాక మావాడిని ఏమీ చేయకండి. వాళ్ల చొక్కా వేసుకున్నాడు, నిజమే. భయపడి వేసుకుని ఉంటాడు. చిన్నప్పుడు సైరన్ మోగితే నా చెయ్యి వదిలేవాడు కాదు. శిక్ష ఏదైనా ఉంటే నాకు వేయండి. ఆర్లో కోస్టర్, వార్డెన్."

దీన్ని పక్కింటి గ్రెటా గారితో పంపుతున్నాను. నేను నేలమాళిగ మెట్ల మీదే కూర్చున్నాను. మోగించండి సార్.