సగం కూలికి సగం తిరగలి

నాయనా,

బతికున్నప్పుడే నీకు చదవడం రాదు. కాబట్టి నువ్వు పోయాక ఏడాదికి ఈ ఉత్తరం రాయడంలో పెద్ద తేడా ఏమీ లేదు. యుద్ధం ముగిసింది. కరువు మాత్రం అట్లాగే ఉంది. నీ ఉలి, సుత్తి పట్టుకుని, అరిగిన తిరగళ్లకు గంట్లు కొట్టడానికి ఇప్పుడు నేనే ఊళ్లు తిరుగుతున్నాను.

నిన్న పెద్దపంజాణిలో మునెమ్మ ఇంటికి వెళ్లాను. నీకు ఏటా ఇచ్చే రెండు శేర్ల రాగులే అడిగాను.

"ఆడబిడ్డకు ఒక శేరు సాల్లే" అంది.

సరేనని పైరాయికి గంట్లు కొట్టి, సంచి సర్దుకున్నాను.

"కిందిరాయి యాల వదిలేస్తివి?"

"సగం కూలికి సగమే అమ్మా. కిందిరాయికి మొగోళ్లను పిలిపించుకో."

ఆమె లోపలికి పోయి రెండో శేరు తెచ్చి చేటలో పోసింది. రెండు రాళ్లూ అయ్యాక ఆ తిరగలిలోనే రాగులు విసిరించి, సంగటి చేయించి, మొదటి ముద్ద నేను తిన్నాను. పంటికింద రాయి తగల్లేదు. అప్పుడు రాగులు మూటగట్టుకున్నాను.

"మీ నాయన గూడా ఇట్లే నమిలి సూస్తే గానీ రాగులు ముట్టేవోడు కాదు" అంది మునెమ్మ.

మన ఇంటి తిరగలికి మాత్రం ఇంకా నువ్వు కొట్టిన గంట్లే ఉన్నాయి. చాలావరకు అరిగిపోయాయి. పిండి బరకగా వస్తోంది. వాటి మీద కొత్త గంట్లు కొట్టమని అమ్మ నన్ను అడగదు. రెండోసారి విసురుకుంటోంది.