అరగదీసిన గట్లు

2023 జూలై 3

ఉమ్ అల్ క్వైన్ ఎండకి షెడ్డు రేకులు కాలిపోతున్నాయి. నేను డిజైన్ చేసిన కూలర్ మాత్రం పూర్తయింది. జనరేటర్ నూనెను చల్లబరిచేది. నూనె పారే దారుల్లో అడ్డంగా సన్నటి గట్లు పెట్టించాను. దారి నున్నగా ఉంటే నూనె వేడివేడిగానే జారిపోతుంది. గట్టు తగిలితే సుడి తిరుగుతుంది, గోడకి వేడి వదిలేస్తుంది. ఫిట్టర్ రాజన్న వంగి కూర్చుని ఒక్కొక్కటే అతికించాడు. నడుము పట్టేసింది పాపం.

జూలై 6

పంటినొప్పికి ఒక్కరోజు సెలవు పెడితే ఇంత ఘోరమా! మూత తీయించి గట్లన్నీ గ్రైండర్‌తో అరగదీయించారు. కొనేవాళ్లు చూడటానికి వస్తున్నారని ముదీర్, అదే మా మేనేజర్, హుకుం. ఆయన కంటికి అవి వెల్డింగ్ మరకలట. అడిగితే, అవును నేనే తీయించాను, మెరుపు చూడండి అన్నాడు. మెరిస్తే చల్లబడుతుందా? ఒళ్లు మండిపోతోంది. రాజన్న తలెత్తలేదు.

"మేడంను అడుగుదాం సార్ అన్న. యల్లా, ఖలాస్ చెయ్, జల్ది తీసెయ్ అన్నడు. నేనేం జెయ్యాలె?"

జూలై 10

కొనేవాళ్ల ముందు పరీక్ష, గట్లు మళ్లీ అతికించే టైమ్ లేకుండానే. నూనె ఎంత వేడిగా వెళ్లిందో దాదాపు అంతే వేడిగా బయటికొచ్చింది. ఆర్డర్ పోయింది. ముదీర్ అక్కడికక్కడే రాజన్న మీదికి వేలు చూపించాడు. చెప్పకుండా గీకేశాడట. సిగ్గులేని మనిషి.

జూలై 11

రాజన్నను ఇంటికి పంపేస్తారట. ముదీర్ నన్ను పిలిచి చాయ్ ఇప్పించాడు. యజమాని అడిగితే నాకేమీ తెలియదని చెప్పాలట. నా వీసా రెన్యూవల్ మాట కూడా అదే నోటితో, నవ్వుతూ. చాయ్ ముట్టకుండా లేచొచ్చాను. అంతే చేయగలిగాను…

జూలై 12

భోజనాల వేళ రాజన్న వచ్చాడు. "నా కోసం కొట్లాడకుర్రి మేడం. మీ వీసా ఖరాబైతది."

కోపం వచ్చింది. తన బతుకు పోతుంటే నన్ను కాపాడతాడా? ఈ వయసులో అతన్ని మళ్లీ గల్ఫ్‌కి ఎవరు పిలుస్తారు?

కానీ ఆ మాట వినగానే నాకు ఊరటగా అనిపించింది. నిజంగా అనిపించింది. ఛీ.

జూలై 13

పది కావస్తోంది. యజమాని గదికి ముదీర్‌నీ నన్నూ మాత్రమే రమ్మన్నారు. రాజన్న బయట ఉండాలట. అతన్ని లోపలికి రానిస్తేనే నేనూ వస్తానని ముదీర్‌కి ఫోన్‌లో చెప్పేశాను. అవతల ఆయన మళ్లీ వీసా మాట ఎత్తాడు. ఫోన్ పెట్టేసి, రాజన్నను పిలవడానికి లేచాను.