గొడుగు మీద పసుపు

జువ్వలగూడెం,
మార్చి 1988.

బుల్లెమ్మక్కా,

నీకూ బావగారికీ దండాలు. మేమంతా కులాసా. మా మామయ్య మళ్ళీ సర్పంచి అయ్యారు. ఇదీ ఒక వార్తేనా అని నువ్వు నవ్వుతావని తెలుసు. డెబ్బైలో ఆయన మీద ఎవరు నిలబడ్డారో ఊళ్ళో ఎవరికీ గుర్తే లేదు. ఎనభై ఒకటిలో తండా నాయకుడు తనవాళ్ళందర్నీ మామయ్యకే గుద్దమన్నాడు, గుద్దారు. ఈసారి తండా కుర్రాళ్ళు నాయకుడి మాట వినలేదు. వాళ్ళలో ఒకడు, బద్యా, గొడుగు గుర్తు మీద నిలబడితే తండా వార్డంతా గొడుగే. అయినా మిగతా వార్డులన్నీ మామయ్య నిచ్చెన గుర్తుకే పడ్డాయి.

మా వార్డు సంగతి చెప్పక్కర్లేదు. కృష్ణా వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ మనవాళ్ళూ, మా పొలాలు చేసేవాళ్ళూ తప్ప ఇంకెవరున్నారు? ఎదుటివాడికి ఒక్క ఓటు పడ్డ పాపాన పోలేదు. ప్రతిసారీ ఒకే ఒక్కటి చెల్లకుండా పోతుంది. "ఎవతో తెలివితక్కువది, రెండు గుర్తుల మీదా గుద్దింది" అని మామయ్య నవ్వుతారు. ఈసారీ ఒకటి చెల్లలేదు. దాంతోపాటు గొడుగుకు ఒక ఓటు పడింది. పడిందే కాదు, దాని మీద పసుపు వేలిముద్ర! లెక్క దగ్గర ఏజెంటుగా కూర్చున్న మీ మరిదిగారే కళ్ళారా చూశారు.

అక్కా, ఆ ఓటు నాది.

పోలింగు నాడు బోణీ ఓట్లు మా ఇంటి ఆడవాళ్ళవే. పొద్దున్నే గడపకు పసుపు రాసి, చేతులు కడుక్కోకుండా అత్తయ్యా నేనూ వెళ్ళి గుద్ది రావాలి. శుభమని మామయ్య పెట్టిన ఆనవాయితీ. అట్లాంటి చేత్తో ఆయనకే ఎదురు గుద్దానంటే నాకు పిచ్చి పట్టిందంటావేమో. మన ముత్యాలు ఏడో తరగతి ఫస్టున పాసై ఏడాదిగా ఇంట్లో కూర్చుంది. కారేపల్లికి బస్సులో పంపరు, ఊళ్ళో హైస్కూలు లేదు. బడికని పంచాయతీ వదిలిన జాగాలో మామయ్య పసుపు ఆరబోసుకుంటారు. ఆ జాగాలో బడి కట్టిస్తానని బద్యా మైకులో అరిచినప్పుడు, కిటికీ దగ్గర నిలబడి పిల్ల ఎట్లా విన్నదో నేను చూశాను. కన్నతల్లిని, ఆ మొహం చూశాక నిచ్చెన మీద గుద్దడానికి నా చెయ్యి రాలేదు.

గొడవ అక్కడితో అయితే బాగుండు. తన ఇంట్లో ఆడవాళ్ళ మీదికి మామయ్య మనసే పోలేదు. పసుపు చేతులనగానే కల్లం దగ్గర గుడిసెలో ఉండే చాంది గుర్తొచ్చింది. రోజంతా కొమ్ములు ఉడకేసి ఆరబోసేది ఆమె కదా! చాందిని పన్లోకి రావద్దన్నారు. ఉగాది తర్వాత ఆమె మొగుడు భద్రు కౌలు పొలం కూడా వదిలెయ్యాలట. చాంది నిన్న దొడ్డి గుమ్మం దగ్గర కూర్చుని, "నీ తోడమ్మా, నిచ్చెన మీదనే గుద్దిన. గిట్ల నింద ఏస్తే ఏడికి పోవాలె?" అని ఏడ్చింది. నాకు తల కొట్టేసినట్టయింది. రేపు చెప్పేస్తాను. ఆ తర్వాత నన్ను పుట్టింటికి పొమ్మంటే ముత్యాల్ని తీసుకుని నీ దగ్గరికే వస్తాను. భయంగా ఉందే అక్కా.

నీ చెల్లెలు,
సుబ్బరత్నం.


జువ్వలగూడెం,
ఆ మరుసటి వారం.

అక్కా,

నీ జాబు అందింది. "నోరు మూసుకుని ఊరుకో, కాపరం చెడగొట్టుకోకు" అని రాశావు. ఆలస్యమైపోయింది, చెప్పేశాను.

మధ్యాహ్నం మామయ్యా మీ మరిదిగారూ అన్నానికి కూర్చున్నారు. అత్తయ్య మజ్జిగ గిన్నె పట్టుకుని నిలబడింది. పప్పు వడ్డిస్తూ అన్నాను, "మామయ్యా, చాంది ఏ పాపం ఎరగదు. ఆ పసుపు ఓటు నాది" అని. ఎందుకు వేశానో కూడా చెప్పాను. నా గొంతు నాకే వినబడలేదు గాని వాళ్ళకు వినబడింది. మామయ్య ముద్ద కంచంలో పెట్టి, "ఈ ఇంటి అన్నం తింటూ..." అని మొదలెట్టారు.

"ఆగండి" అంది అత్తయ్య. నా పెళ్ళయినప్పట్నుంచీ ఆయన మాటకు ఆమె అడ్డం రావడం నేను చూడలేదు. "దాన్నంటే ముందు నన్ననండి. ఆ చెల్లని ఓటు నాది. పోయినసారిదీ నాదే, అంతకుముందుదీ నాదే."

మామయ్య నమ్మలేదు. "నీకు గుద్దడం రాక" అన్నారు.

"ఎందుకు రాదూ? కావాలనే రెండింటి మీదా గుద్దాను. నా కూతుర్ని ఐదో తరగతితో మాన్పించి పెళ్ళి చేశారు, నన్నొక మాట అడిగారా? మిమ్మల్ని కాదనే ధైర్యం లేదు, ఔననే మనసూ లేదు. కావాలంటే మీ అబ్బాయినడగండి, ఆ కాగితం మీదా పసుపు ఉందో లేదో."

మీ మరిదిగారు కంచంలోకి చూస్తూ, "ఉంది నాన్నా" అన్నారు. అంటే ఆయనకు లెక్క నాడే అర్థమైందన్న మాట! చాంది మీద నింద పడుతుంటే ఎట్లా ఊరుకున్నారో. ఆ సంగతి విడిగా అడిగాను, బాగానే అడిగాను. తలొంచుకుని విన్నారు.

అత్తయ్య నా వైపు తిరిగింది. "నావన్నీ చెల్లకుండానే పోయాయమ్మా. నీదన్నా చెల్లింది" అంది. అక్కా, గరిటె అక్కడే వదిలేసి ఏడ్చేశాను.

మామయ్య మజ్జిగ పోయించుకుని అన్నం కలుపుకున్నారు. చివరికి, "చాందిని రేపు రమ్మనండి. భద్రు పొలం జోలికి పోను" అన్నారు. బడి జాగా గురించి ఒక్క మాట అనలేదు. పసుపు ఇంకా అక్కడే ఎండుతోంది. కానీ జూన్‌లో ముత్యాలు కారేపల్లి వెళ్తుంది. రోజూ బస్సెక్కించేది తనేనని అత్తయ్య ఆయన ముందే చెప్పింది. పిల్ల ఇప్పట్నుంచే పుస్తకాలకు అట్టలు వేస్తోంది.

ఒకటి రాయడం మర్చిపోయాను. చెయ్యి కడుక్కోబోతూ మామయ్య ఆగి, "ఇన్నేళ్ళూ రెండింటి మీదా గుద్దేదానివా?" అని మెల్లగా అడిగారు.

"ముందు మీ గుర్తు మీదే గుద్దేదాన్ని, తర్వాతే రెండోదాని మీద" అంది అత్తయ్య.

ఆయన మళ్ళీ పీట మీద కూర్చుని, ఇంకాస్త మజ్జిగ పొయ్యమన్నారు.

నీ
సుబ్బరత్నం.