అరువు బండికి వంక పెట్టరాదు

వాకాడు నుంచి

అన్నా,

మన నాయన చెయ్యి విరగడానికీ, గురవమ్మత్త కాలు పోవడానికీ కారణం ఒక్కడే. నెల్లూరు షోరూములో సర్వీసు మేనేజరు విజయభాస్కర్. బ్రేకుల్లేని కారును బాగుందని చెప్పి మన చేతిలో పెట్టినాడు, రక్తం కారినాక ఆ తప్పును నాయన నెత్తికెత్తినాడు. ఇది రాయకుండా 'అందరం క్షేమం' అని మొదలుపెట్టడానికి నాకు చెయ్యి రాలా.

ఇప్పుడు రాస్తా. నీకు తమ్ముడు పెంచలకృష్ణ నమస్కారాలు. అమ్మ, వదిన, పాప బాగుండారు. నాయన ప్రాణానికి భయం లేదు. మంగళూరులో నువ్వూ, నీ బోటులో వాళ్లూ బాగుండారని తలుస్తా ఉండా.

నీ ఫోను సముద్రంలో పడిందని నీ ఉత్తరంలో చదివి వదిన నవ్వింది. "ఇంక చేపలతో మాట్లాడుకోమను" అనింది. నా ఫోను కూడా ఆపేసి ఉండా. ఎందుకో కిందకు పోతే నీకే తెలుస్తాది. కామాక్షయ్య మామ మీ రేవుకే వస్తా ఉంటే ఈ ఉత్తరం ఆయన చేతికిస్తా ఉండా.

నువ్వు అడిగినవి చెప్తా. అమ్మకు మోకాలి నొప్పి తగ్గలా, నూనె రాస్తామంటే తిడతాది. పాప నడస్తా ఉండాది, నడిచి నేరుగా వలలోకే పోయి చిక్కుకుంటాది. మన కారు బాగైందా అని అడిగి, "కరపత్రాలు చదివేవాడివి, కారు కాగితాలు కూడా చదవరా" అని ఎగతాళి చేసినావు. చదివినా అన్నా. ఇదంతా అక్కడే మొదలైంది.

గేరుబాక్సు పట్టేసిందని షోరూముకు తీసుకపోతే, "సామాను మద్రాసు నుంచి రావల, ఆలస్యమవతాది" అన్నాడు విజయభాస్కర్.

"అందాక మా ఆడోళ్లు గంపలు నెత్తిన పెట్టుకొని నడవాల్నా?"

"అది మా సమస్య కాదు తమ్ముడూ."

వారంటీ పుస్తకం తెరిచి వాడి మొహం ముందర పెట్టి చదివినా. రిపేరు ఆలస్యమైతే అందాక వాడుకోను వేరే కారు ఇయ్యాలని అచ్చేసి ఉండాది. 'అడగని హక్కు పాతిపెట్టిన హక్కు' అని పోర్టు గేటు కాడ పంచిన కరపత్రంలో మాట కూడా గట్టిగా చెప్పినా. ఏసీలో కూర్చోనుండే వాళ్లంతా తిరిగి చూసినారు. సాయంత్రానికి ఒక పాత తెల్లకారు తాళాలు విసిరినట్టు ఇచ్చినాడు. గెలిచినామని పాళెం దాకా హారను కొట్టుకుంటా వచ్చినా.

మర్నాడు నాయన ఇసుక బాట మీద నడిపి చూసి దిగినాడు. "ఒరే అబ్బయా, బ్రేకు తొక్కితే కాలు లోపలికే పోతా ఉండాదిరా."

"పా నాయనా, పోయి అడుగుదాం."

"నోరు ముయ్యి. అరువు తెచ్చిన పడవకు వంక పెడతామా? చిల్లుంటే మనమే పూడ్చుకోవల. నీళ్లొస్తే మనమే తోడుకోవల. మనది కానిది మన చేతిలో ఉన్నంత కాలం దాని మీద చెడ్డ మాట అనకూడదు."

"వాళ్లేం దయతలచి ఇయ్యలా. మన హక్కది."

"హక్కయితే సిగ్గుండదా?"

ఆ కట్టుబాటు దాటినోడికి మన పాళెంలో మళ్లీ ఎవడూ పడవ ఇయ్యడని నీకు తెలుసు. నాయన యాబై ఏండ్లు దాని మీదే బతికినాడు. నేను పళ్లు నూరుకొని ఊరుకున్నా.

బుధవారం పొద్దున నాయనా నేనూ ఆ కారులో పోతా ఉంటే, ముత్తుకూరు కాడ కరెంటు ప్లాంటు బూడిద లారీ ఒకటి అడ్డం తిరిగింది. బ్రేకు నేలకంటింది గానీ కారు ఆగలా. ఎడమ పక్కకు దూసుకపోయి, గంప దించుకొని బస్సు కోసం నిలబడి ఉన్న గురవమ్మత్తను గోడకేసి కొట్టింది. రోడ్డంతా చేపలు. వాటి మధ్యలో ఆమె కాలు తిరగకూడని పక్కకు తిరిగి ఉండింది. ఆమె అరవలా అన్నా. అరిచి ఉంటే బాగుండు.

అరిచింది జనం. సరుగుడు కర్రలు దొరకబుచ్చుకొని వచ్చినారు. స్టీరింగు కాడ ఉండే నాయనను చొక్కా పట్టి బయటికి ఈడ్చి కొట్టినారు. తల పగిలింది, చెయ్యి విరిగింది. ఎముక విరిగే చప్పుడు ఇప్పుడు కూడా నా చెవిలో ఉండాది. వాళ్లు కూడా మన మాదిరి కూలినాలి చేసుకునే వాళ్లే. ఎవడి మీద కోపమో ఎవడికి తగిలిస్తారో ఏ కరపత్రం కూడా నాకు ముందుగా చెప్పలా.

ఆ రోజు కారు ఆ గోడ కాడే ఉండింది. మర్నాడు పొద్దున బ్రేకు ఇన్‌స్పెక్టరు రాకముందే షోరూము మెకానిక్కులు ఇద్దరు దాని కింద దూరి ఉండారు. నేను కళ్లారా చూసినా. ఇన్‌స్పెక్టరు వచ్చి తొక్కి చూసి, "బ్రేకులు బాగుండాయే" అని రాసుకొని పోయినాడు.

స్టేషనులో ఎస్సై ముందర విజయభాస్కర్ నాయనను తియ్యగా అడిగినాడు. "పెద్దాయనా, మేమిచ్చిన బండిలో లోపమేమన్నా ఉందా?"

కట్టు కట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకొని నాయన అన్నాడు. "అరువు బండికి నేను వంక పెట్టను."

"విన్నారు కదా సార్? వంక లేదంట."

నిర్లక్ష్యంగా నడిపి మనిషి కాలు తీసినాడని నాయన మీద కేసు. చితికిపోయిన కారును మనమే పాళేనికి ఈడ్చుకపోయి, బాగుచేయించి తెచ్చియ్యాలంట. అప్పటిదాకా మన కారు షోరూములోనే.

ఆ మధ్యాహ్నం తెడ్డు తీసుకొని ఒక్కడినే పోయినా. అద్దాల తలుపు మీద మొదటి దెబ్బ. పూలదండ వేసి నిలబెట్టిన కొత్త కారు మీద రెండోది. విజయభాస్కర్ బల్ల కిందకు దూరబోతే కాలర్ పట్టి లేపి మొహాన గుద్దినా. ముక్కులోంచి రక్తం వచ్చింది. అది చూసి నాకు చల్లగా అనిపించింది, దాచిపెట్టను. మళ్లీ తెడ్డు ఎత్తితే వాచ్‌మన్ హరినాథ్ అడ్డం వచ్చినాడు. ఆ దెబ్బ ఆయన భుజాన పడింది. బిట్రగుంట మనిషి, నాయన వయసు. కింద పడి, "నన్నెందుకు కొడతావు నాయనా?" అన్నాడు. ఆ మాటకు తెడ్డు పారేసి పరిగెత్తినా. పోలీసులు పాళెంలో వెతుకుతా ఉండారు. అందుకే వాకాడులో చిన్నమ్మ ఇంట్లో దాక్కొని ఉండా.

అన్నా, ఇంక ఆ మాట రాస్తా. నాలుగు కాగితాలు చించినాక రాస్తా ఉండా.

ఆ పొద్దు కారు నడిపింది నాయన కాదు. నేను. లారీని చూసి కూడా దాటేస్తాననుకున్నా. కాలికింద బ్రేకు లేదని తెలిసి కూడా వేగంగా పోయినా. కర్రలతో జనం వస్తా ఉంటే నాయన నన్ను పక్క సీటులోకి తోసి తను నా చోట కూర్చున్నాడు. "వాళ్లు నిన్ను చంపేస్తారురా, నన్ను కొట్టి వదిలేస్తారు" అన్నాడు. నేను నోరు తెరవలా. స్టేషనులోనూ తెరవలా. హక్కుల గురించి అంత అరిచినోణ్ణి.

నిన్న తెల్లారకముందే, మబ్బుతోనే ఆసుపత్రికి పోయి గురవమ్మత్త కాళ్ల కాడ కూర్చున్నా. కాళ్లని రాసినా, ఒక్కటే ఉండాది, మోకాలి కింద తీసేసినారు. నేను చెప్పబోతే ఆమే అనింది.

"స్టీరింగు కాడ నిన్ను చూడలేదనుకున్నావా? నా కాలు పోయింది గానీ కళ్లుండాయిరా దొంగనాయాలా."

"మరి ఎందుకు చెప్పలా అత్తా?"

"మీ నాయన అట్ల కూర్చున్నాక నేను చెప్తే ఆయన పరువేం కావల? నువ్వే చెప్పవల." తలగడ సరిచెయ్యమని, మళ్లీ అందుకునింది. "మీ నాయనకు కట్టుబాటు సగమే గుర్తుండాది. మా ఆయన పడవలు అరువిచ్చినోడు, నాకు తెలుసు. చేతిలో ఉన్నంత కాలమే నోరు కట్టు. పడవను ఇచ్చినోడి ముంగిటికి చేర్చి, తాడు వాడి చేతికిచ్చినాక, పదిమంది ముందర ప్రతి చిల్లూ లెక్కపెట్టి చెప్పొచ్చు. చెప్పకపోతేనే తప్పు. ఇంకోడు మునిగిపోతాడు కదా!"

నాయనకు కబురు పంపినా. అంతా విని, "తాడు తెమ్మనండి" అన్నాడంట.

మన పాళెం పెద్ద, పెద్దకాపు, దురాయి వేసి కట్టడి చేసినాడు. కారు తిరిగిచ్చే రోజు పాళెంలో ఒక్క పడవ కూడా నీళ్లలో దిగకూడదు. టౌను దాకా ట్రాక్టరు, అక్కడి నుంచి ఒడ్డుకు అలివి వల లాగినట్టు రెండు పక్కలా మనుషులే ఆ కారును లాగవల. తాడు కొస విజయభాస్కర్ చేతికిస్తాము. నాయన బ్రేకు మాట చెప్తాడు. నేను నడిపింది నేనేనని చెప్తా. హరినాథ్ కాళ్లు పట్టుకుంటా. ఎస్సై అక్కడే ఉంటాడు, తీసుకపోనీ. తెడ్డు తీసుకరాను అన్నా, ఒట్టు. వాడు నవ్వినా తీసుకరాను.

నాయనకు ఒక చెయ్యే ఉండాది. తాడు ముందు కొస పట్టను పెద్దకొడుకు కావల. బోటు ఒడ్డుకు తగలంగానే రైలెక్కు. ఈ ఆదివారం కాదు, పై ఆదివారం, పొద్దున తొమ్మిది గంటలకు, నెల్లూరు షోరూము గేటు కాడ. నీతో ఉండే మన పాళెం వాళ్లనందరినీ తీసుకొని రా.

ఇట్లు,
తప్పు తనదని తెలిసీ ఇన్నాళ్లు తన చోట నాయనను కూర్చోబెట్టిన నీ తమ్ముడు,
పెంచలకృష్ణ