మైకులో చెప్పిన మాట

10 ఫిబ్రవరి 2003, సోమవారం. మదనపల్లె

తెల్లవారుజామున కుప్పంలో బస్సెక్కి వచ్చాను. ట్రైనింగ్ పదికి మొదలు కావాలి. కాలేదు. ప్రొజెక్టర్ ప్లగ్గు గోడలోకి పోలేదట.

నా పని అనువాదం. కాలేజీలో ఇంగ్లీషు పాఠాలు చెప్పుకునే నన్ను ఈ ట్రైనింగ్ నడిపే సంస్థ కోఆర్డినేటర్ మునిరత్నం పట్టుకొచ్చాడు. బెంగళూరు నుంచి వచ్చే సైకాలజిస్టు ఇంగ్లీషులో చెబుతుంది, నేను తెలుగులో చెప్పాలి. వచ్చిన వాళ్ళు తెలుగులో మాట్లాడితే ఆమెకు ఇంగ్లీషులోనో కన్నడంలోనో చెప్పాలి. మీ కుప్పం వాళ్ళకు మూడు భాషలు పుట్టుకతోనే అంటుకుంటాయి, మీకేం కష్టం మేడం అన్నాడు.

సైకాలజిస్టు పేరు తేజస్విని. ముప్పై కూడా నిండలేదు. ఎదురుగా టీచర్లు, హాస్టల్ వార్డెన్లు, అంగన్‌వాడీ సూపర్‌వైజర్లు. చిన్నతనంలో మనసుకు తగిలిన దెబ్బలు, యాంగ్జైటీ, ఇంకా అలాంటి సమస్యలు పిల్లల్లో ఎలా గుర్తుపట్టాలో నేర్పడం ఈ ట్రైనింగ్.

యాంగ్జైటీ దగ్గరే ఇరుక్కున్నాను. ఆందోళన అన్నాను. చౌడేపల్లె హెడ్‌మాస్టరు నల్లప్ప లేచి, "ఆందోళనంటే మొన్న ఆఫీసు ముందర మేము జేసిండేదేనా అమ్మా?" అన్నాడు. హాలంతా నవ్వు. కంగారు అన్నాను. గుబులు అన్నాను. ట్రామాకు గాయం అంటే ఎక్కడ తగిలిందని అడిగారు. నేను ఇంకా మాట వెతుక్కుంటూనే ఉన్నాను, తేజస్విని గడియారం చూసి మూవ్ ఆన్ అంది.

సాయంత్రానికి గొంతు పోయింది. రోజంతా మాట్లాడాను. అందులో నా మాట ఒక్కటీ లేదు.

11 ఫిబ్రవరి, మంగళవారం

మధ్యాహ్నం ఒక ఎక్సర్‌సైజ్ చేయించింది. అందరూ కళ్ళు మూసుకోవాలి. ఎనిమిదేళ్ళ వయసుకు పోవాలి. అప్పటి ఇంటి గడప దాటి లోపలికి అడుగు పెట్టాలి. ఎవరున్నారు? ఏం జరుగుతోంది? మనసుకు ఎలా ఉంది? ఆమె మెత్తగా చెబుతుంటే నేనూ మెత్తగా చెప్పాను. బాగా చెప్పాను. అక్కడే వచ్చింది చిక్కు.

మొదటి వరుసలో అంబిక కూర్చుంది. పెద్దమండ్యంలో ఆడపిల్లల హాస్టల్ వార్డెన్. నిన్నటి నుంచి నోరు విప్పని మనిషి. ఉన్నట్టుండి ఊపిరి అందనట్టు రొప్పడం మొదలుపెట్టింది. దగ్గరికి పోయి వంగాను. నా చెయ్యి పట్టుకొని చెవిలో చెప్పింది.

వాళ్ళమ్మకు మతి స్థిమితం లేదు. రాత్రుళ్ళు ఎటో వెళ్ళిపోయేది. కాళ్ళకు తాడు కట్టాలి. పెద్దవాళ్ళు దగ్గరికి పోతే కొట్టేది, కూతుర్ని మాత్రం కొట్టదు. అందుకని నాయన ఆ పని అంబికకే అప్పజెప్పాడు. "నన్ను జూస్తే కాళ్ళు తానే ముందుకు సాపుతాండెమ్మా," అంది.

తేజస్విని వేదిక మీద నుంచి, ఏమంటోంది అని కన్నడంలో అడిగింది. రెండు రోజులుగా ఎవరేమన్నా మార్చి చెప్పడమే నా పని. నోరు దానంతటదే తెరుచుకుంది. వాళ్ళమ్మకు పిచ్చి అట, అన్నాను కన్నడంలోనే. మిగతాది చెప్పబోతుంటే స్పీకర్లోంచి నా గొంతే నాకు వినబడింది. చేతిలో మైకు. ఆన్‌లో ఉంది. మదనపల్లెలో ఆ మాత్రం కన్నడం అర్థం కానిది ఎవరికి?

అంబిక నా చెయ్యి వదిలేసింది.

తేజస్విని దిగి వచ్చి ఆమె వీపు నిమిరింది. ఏడవనివ్వండి, ఇది మంచిదే అంది. తర్వాత నీళ్ళు. తర్వాత టీ. తర్వాత అందర్నీ గుండ్రంగా నిలబెట్టి బంతాట. దాన్ని ఎనర్జైజర్ అంటారట. అంబిక కూడా బంతి పట్టుకుంది, విసిరింది.

12 ఫిబ్రవరి, బుధవారం

సర్టిఫికెట్లు, గ్రూప్ ఫోటో. ఫోటోలో అంబిక లేదు.

10 మార్చి, సోమవారం. పుంగనూరు

రెండో విడత. అదే బ్యాచ్, వేరే హాలు, ఇంకా అధ్వాన్నమైన ఫ్యాన్లు. అంబిక రాలేదు.

మునిరత్నాన్ని అడిగితే, ఒకరిద్దరు డ్రాపవుట్ మామూలే మేడం అన్నాడు. టీ దగ్గర కమలాక్షిని పట్టుకున్నాను. ఆమెదీ పెద్దమండ్యమే, అంగన్‌వాడీ సూపర్‌వైజరు. బిస్కెట్ టీలో ముంచుకుంటూ అంతా చెప్పింది. వాళ్ళమ్మ సంగతి ఊరంతా తెలిసిందట. అత్త వెంకటలక్ష్మమ్మ, పిచ్చిదాని కూతుర్ని దాచిపెట్టి మాకు అంటగట్టినారని గోల చేసిందట. నాలుగేళ్ళ మనవరాలిని తన దగ్గరే పెట్టుకుందట. అంబిక ఇల్లు వదిలి హాస్టల్లోనే పడుకుంటోందట.

ఊరికి ఎవరు చెప్పారు అన్నాను. కమలాక్షి తడబడలేదు.

"నేను కొత్తగా జెప్పిండేదేముందమ్మా? మీరే గదా మైకులో జెప్పినారు."

మధ్యాహ్నం సెషన్: గోప్యత. పిల్లలు మనకు చెప్పినది మన దగ్గరే ఉండాలి. స్లయిడ్ మీద పెద్ద తాళం బొమ్మ. తెలుగులో చెప్పాను. కమలాక్షి శ్రద్ధగా రాసుకుంది. నాకు మైకు విసిరి కొట్టాలనిపించింది. ఎవరి మీదకో తెలియలేదు.

13 మార్చి, గురువారం

నిన్న కుప్పం బస్సెక్కలేదు. కాలేజీకి ఫోన్ చేసి సెలవు చెప్పి, ఈ రోజు పెద్దమండ్యం పోయాను.

హాస్టల్ వరండాలో అంబిక ఒక పిల్లకు పేలు చూస్తోంది. నన్ను చూసి లేచి కుర్చీ వేసింది. తిడుతుందనుకున్నాను. మజ్జిగ తెప్పించింది. అది ఇంకా కష్టంగా ఉంది. నేనే మొదలుపెట్టాను, నావల్ల పెద్ద పొరపాటు జరిగింది, క్షమించమన్నాను. ఆమె పిల్లను లోపలికి పంపింది.

"మీరు కండ్లు మూసుకోమంటిరి, మూసుకుంటిని," అంది. "మళ్ళా తెరిపిచ్చే పని ఎవురిదమ్మా?"

నిద్ర లేదట. కళ్ళు మూస్తే అమ్మ కాళ్ళే. ఇరవై ఏండ్లుగా తలుచుకోలేదు, యాడనో అడుగున పెట్టి మూత బెట్టింటిని అంది. పెళ్ళప్పుడు వాళ్ళ నాయన, మీ అమ్మ జ్వరమొచ్చి పోయిందని చెప్పమన్నాడు. అదే చెప్పింది. భర్త శేఖర్ మదనపల్లెలో టమోటా మండీలో గుమాస్తా. తిట్టలేదట, కొట్టలేదట. మాట్లాడటమే మానేశాడు. పాప దీపను ఆదివారం గంటసేపు చూపిస్తారు, అత్త పక్కనే నిలబడి ఉంటుంది.

"బిడ్డకేమన్నా జేస్తానని భయం వాళ్ళకి. ఇప్పుడు నాకే భయంగా ఉండాది."

మందులు వాడమన్నాను. హాస్పిటల్‌కు పోతే నిజంగానే పిచ్చి అంటారు అంది. మూడు రోజుల పాఠం మొత్తం నా నోటితో చెప్పాను. ఆ వరండాలో పనికొచ్చే వాక్యం ఒక్కటి దొరకలేదు.

14 మార్చి, శుక్రవారం. కుప్పం

మునిరత్నానికి ఫోన్ చేశాను. తేజస్విని ఒకసారి పెద్దమండ్యం రావాలి, ఆ భర్తతో మాట్లాడాలి అన్నాను. మనది ట్రైనింగ్ మేడం, ట్రీట్‌మెంట్ కాదు అన్నాడు. మైకు పట్టుకున్నది నేనైనా ఎక్సర్‌సైజ్ పెట్టింది మీరు కదా అన్నాను. ఫీడ్‌బ్యాక్‌లో అందరూ ఎక్సలెంట్ అన్నారు మేడం అన్నాడు. అరిచాను. సరే, మేడం గారికి చెబుతానన్నాడు.

25 మార్చి, మంగళవారం

మునిరత్నం ఫోన్ ఎత్తడం లేదు.

7 ఏప్రిల్, సోమవారం. కుప్పం

ఇక్కడ కొత్త బ్యాచ్. శాంతిపురం వైపు టీచర్లే ఎక్కువ. మా ఇంటి నుంచి నడిచిపోయేంత దూరం. మానేద్దామనుకున్నాను. మానేస్తే ఇంకొకరెవరో చెబుతారు, నాకంటే మెత్తగా చెబుతారు.

తేజస్విని బాగున్నారా అని నవ్వుతూ పలకరించింది. అంబిక గురించి ఒక్క మాట అడగలేదు. నేనూ చెప్పలేదు. ఇంత రాతి గుండె ఎలా వచ్చింది ఈ పిల్లకు అనుకుంటూ రోజంతా ఆమె మాటలు మోశాను.

8 ఏప్రిల్, మంగళవారం

ఈ రోజు జరిగింది జరిగినట్టు రాస్తాను.

మధ్యాహ్నం అదే ఎక్సర్‌సైజ్. క్లోజ్ యువర్ ఐస్, అంది. మైకు నోటి దగ్గర పెట్టుకున్నాను. మొదటి వరుసలో ఒక ముసలి టీచరు అప్పుడే కళ్ళు మూసుకుంటోంది.

"కళ్ళు తెరిచే ఉంచండి," అన్నాను. "ఎవరూ ఎక్కడికీ పోవద్దు. మీ బడిలో ఈ మధ్య మాటలు తగ్గిపోయిన పిల్ల ఎవరో ఒక్కసారి తలుచుకోండి. మీ సంగతి మీ దగ్గరే ఉండనీ."

ముసలావిడ కళ్ళు తెరిచింది. అందరూ నా వైపు చూశారు. తేజస్విని కూడా చూసింది. కన్ను, తెరవడం, రెండు మాటలూ కన్నడంలో దాదాపు అవే. ఆమెకు అర్థమైపోయింది. టీ బ్రేక్ అంది. టీ ఇంకా రాలేదు.

వెనక మెట్ల దగ్గర నన్ను నిలదీసింది. నా సెషన్ మార్చడానికి నువ్వెవరు అంది. ఇంగ్లీషులో మొదలుపెట్టి కన్నడంలోకి దిగింది. నేనూ దిగాను. అంబిక నిద్రపోవడం లేదన్నాను. బిడ్డను లాక్కున్నారన్నాను. మీరు బంతాట ఆడించి బస్సెక్కి వెళ్ళిపోయారన్నాను. మార్చిలోనే కబురు పెడితే రాలేదన్నాను.

ఏ కబురు అంది.

మునిరత్నం చెప్పలేదు. ఒక్క ముక్క కూడా చెప్పలేదు. అంబికకు బదిలీ అయిందని చెప్పాడట.

తేజస్విని మెట్టు మీద కూర్చుంది. కోపం ఇంకా పోలేదు, కానీ ఎవరి మీదకు తిప్పాలో తెలియక చూస్తోంది. తనకూ ఇది ఇలాగే నేర్పారట. ఒక హాలు, ఒక గంట, చివర్లో అయిదు నిమిషాల రిలాక్సేషన్. ఆ అయిదు నిమిషాల్లో లేవలేని వాళ్ళను ఏం చేయాలని ఒకసారి అడిగిందట. అలాంటివి అరుదు అన్నారట. నేను సరేలే అని ఊరుకున్నాను, అంది.

ఓదార్చలేదు. నాకు ఓపిక లేదు. ఆదివారం వస్తారా అని అడిగాను.

మునిరత్నం టీ క్యాన్‌తో వచ్చి, ఎనీ ప్రాబ్లం అన్నాడు. ఇద్దరమూ ఒకేసారి తిట్టాం.

13 ఏప్రిల్, ఆదివారం. పెద్దమండ్యం నుంచి తిరుగు బస్సులో

చేతిరాత వంకర. రోడ్డు అలా ఉంది.

ముందు హాస్టల్‌కు పోయాం. తేజస్విని అంబికతో గంటన్నర మాట్లాడింది. మధ్యలో నేను. మొదలుపెట్టే ముందు అంబిక నాతో, "నేను జెప్పమన్న మాటే జెప్పండి మేడం. మిగిలింది మీ కడుపులో పెట్టుకోండి," అంది. అలాగే చేశాను. కాబట్టి ఆ గంటన్నర ఇక్కడ రాయను. మదనపల్లెలో ఒక డాక్టరమ్మ దగ్గరికి పోవడానికి ఒప్పుకుంది, అంతవరకు రాయొచ్చు.

తర్వాత ముగ్గురం వాళ్ళింటికి పోయాం. శేఖర్ బక్కపలచటి మనిషి. చాప వేశాడు. వెంకటలక్ష్మమ్మ పాపను ఒళ్ళో గట్టిగా పట్టుకొని గోడవారన కూర్చుంది. శేఖర్ ఒకే ప్రశ్న అడిగాడు. ఇది బిడ్డకు వస్తుందా?

తేజస్విని ఇంగ్లీషులో జవాబు చెప్పింది. రాదని మాట ఇవ్వలేను. మామూలు వాళ్ళకంటే కాస్త ఎక్కువ అవకాశం ఉంది. అయినా ఎక్కువమందికి రాదు. అంబికకు ఉన్నది ఆ జబ్బు కాదు, దుఃఖం, నిద్రలేమి. ఇప్పుడు పాపకు నిజంగా చెడు చేసేది తల్లి దగ్గర లేకపోవడం.

కాస్త ఎక్కువ అవకాశం అనే ముక్క మింగేద్దామా అనిపించింది. కుప్పంలో మార్చిన నోరే కదా. కానీ అడిగింది తండ్రి. ఉన్నదున్నట్టు చెప్పాను. "సూస్తివా? వస్తాదనే అంటాండారు," అంది వెంకటలక్ష్మమ్మ. పోయింది అంతా, అనుకున్నాను.

శేఖర్ పెళ్ళాం వైపు తిరిగాడు. రెండు నెలల తర్వాత మొదటి మాటట.

"పెండ్లికి ముందర యాల జెప్పలేదు?"

"జెప్పింటే చేసుకునింటివా?"

అతను ఆలోచించాడు. "ఏమో. తెలీదు," అన్నాడు.

అంబిక తల దించుకుంది. "మా యమ్మ చెడ్డది గాదు. పెద్దోళ్ళు కట్టబోతే కొడతాండె, నన్ను మాత్రం ఏమీ జేసేది గాదు. రేత్రి అయితే పోతాండె, అంతే. రోజూ నేనే కట్టేదాన్ని. గట్టిగా కడితే నొప్పి, వదులుగా కడితే పోతాది. పొద్దున లేసి ముందు కాళ్ళే సూసేదాన్ని, వాసినాయా అని."

శేఖర్ ముఖం మారింది. కథలో ఈ సగం ఊళ్ళోకి రాలేదు. వచ్చింది పిచ్చి అన్న ఒక్క మాటే, నేను మైకులో చెప్పినంత మేరకే.

"నువ్వా కట్టేది? అప్పుడెంత నువ్వు?"

"రెండో తరగతి."

"రెండో తరగతి బిడ్డతో కట్టిచ్చినారా?" అన్నాడు. తన తల్లి వైపు చూశాడు, తేజస్విని వైపు చూశాడు, మాలో ఎవరో ఒకరు కాదంటారన్నట్టు. లేచి బయటికి పోయి, అరుగు మీద అటు తిరిగి నిలబడ్డాడు.

నేను అనువదించలేదు. తేజస్విని అడగలేదు.

వచ్చేటప్పుడు కూడా పాప అవ్వ ఒళ్ళోనే ఉంది. అంబిక హాస్టల్‌కే తిరిగిపోయింది. ఏం సాధించామో తెలియదు. తేజస్విని కిటికీకి తల ఆనించి కళ్ళు మూసుకుంది. నిద్ర కాదు. ఆ ఎక్సర్‌సైజ్ ఇక చేయించను, ఉద్యోగం పోతే పోనీ అంది. నేను ఊఁ అన్నాను.

27 ఏప్రిల్, ఆదివారం. మధ్యాహ్నం పన్నెండు

పక్కింటివాళ్ళు పిలిచారు, పెద్దమండ్యం నుంచి ఫోనని. పరుగెత్తాను.

అంబికా అన్నాను. ఊపిరి చప్పుడు. తర్వాత చిన్న గొంతు. "నేను దీపని."

మీ అమ్మ ఏది నాన్నా అన్నాను.

"మా ఇంట్లో, నా చాప మీద నిద్ర పోతాండాది."

మరి ఫోన్ ఎవరు చేశారన్నాను. మా నాయన అంది. ఫోన్ ఆయనకు ఇవ్వమన్నాను. అటు ఏదో గుసగుస. పాపే మళ్ళీ వచ్చింది.

"అమ్మను లేపొద్దంట. ఆ మాట నీకు జెప్పమన్యాడు."