ఒంటె మచ్చకు బావ చెప్పిన మాట

ఆదివారం, రాత్రి

సౌదీలో పదేళ్లు ఒంటెలు కాసి వచ్చిన సూరిబావను "ఒంటె డాక్టరు" అని ఊరందరి ముందూ ఏడిపించేది నేనే. ఇవాళ భావనపాడు తీరంలో పిల్లల్ని ఒంటె ఎక్కించే ముసలాయనకూ అలాగే పరిచయం చేశాను, నవ్వుకుందామని.

ఆయన నిజమనుకుని బావకు చేతులు జోడించాడు. ఒంటె చంకలో వెంట్రుకలు ఊడిపోతున్నాయట. ఆయన కూడంతా ఆ ఒంటె మీదే.

"జీడితొక్కల నూనె రాసీ మావా, పురుగు సచ్చిపోద్ది," అన్నాను. పురుగు తొలవకుండా పడవ చెక్కలకు పట్టించేది అదే కదా.

"నోర్ముయ్యిరా, తోలు ఊడొచ్చేద్ది!" అని బావ నా మీద లేచాడు. తర్వాత మచ్చ చూపించి మెల్లగా చెప్పాడు: "ఒళ్లంతా పాకిపోతే అరబ్బీలో జరబ్ అంతారు మావా. ఇలా తొలి మచ్చలైతే నుగ్బ. నీది నుగ్బే, బతుకుద్ది. డాక్టరు సూసీదాకా పిల్లల్ని ఎక్కించకు."

టెక్కలి పశువుల డాక్టరుకు ఫోన్ కూడా తనే చేశాడు.

ఏడో తరగతి తప్పిన మనిషి! నాకు రెండూ గజ్జే. ఎన్ని ఒంటెలు పోతే ఆ అరబ్బు కాపరులు తొలి మచ్చకు వేరే పేరు పెట్టుకున్నారో.

రేపు కూడా డాక్టరనే పిలుస్తాను. ఈసారి ఎగతాళి కాదంటే బావ నమ్ముతాడా...