ముందు షెల్ఫ్ ఎవరికి

మంగళవారం, రాత్రి

ఈరోజు మట్టెవాడలోని నా మొబైల్ షాపుకు పెద్ద ఫోన్ కంపెనీ సేల్స్ అతను వచ్చాడు. ముందు షెల్ఫ్‌లో ఉన్న పాత కంపెనీ ఫోన్లు చూసి నవ్వాడు.

"ఏందన్నా, మ్యూజియం పెట్టినవా? గీ షెల్ఫ్ మాకియ్యి, లైట్ల బోర్డు ఫ్రీగ పెడ్తం."

ఆ పాత కంపెనీ తరఫున తిరిగే శ్రీకాంత్ పక్కనే ఉన్నాడు. నా షెల్ఫ్ కూడా పోతే మా బజారులో వాళ్ల ఫోన్ ఇక కనపడదు. అయినా వాదించలేదు. కొత్త మోడల్ నా చేతిలో పెట్టాడు.

"మా పని అయిపోయిందంటాండ్రు. జర ఇప్పి చూడే అన్నా."

విప్పాను. మిగతా ఫోన్లలోలా బ్యాటరీని జిగురుతో అంటించలేదు. వేడి చేయకుండానే చేతికి వచ్చింది. ఇన్నేళ్లలో ఎన్నో ఫోన్లు విప్పాను కానీ, రిపేరు చేసేవాణ్ణి తలచుకుని చేసిన ఫోన్ ఇదే. పడిపోతున్న కంపెనీలో కూర్చుని ఎవరో ఇంత ఓపికగా ఆలోచించారు.

కొనేవాళ్లు మాత్రం కెమెరా సంగతే అడుగుతారు. అందులో వీళ్లు ఇంకా వెనకే. మళ్లీ లేస్తారా అని శ్రీకాంత్‌ను అడిగాను.

"ఏమో అన్నా," అన్నాడు. అబద్ధం చెప్పలేదు.

"దసరా దాకా షెల్ఫ్ ఖాళీ లేదు తమ్మీ," అని పెద్ద కంపెనీ అతనికి చెప్పాను. ఆ తర్వాత ఏం చేస్తానో నాకే తెలియదు...

శ్రీకాంత్ వెళ్లేముందు షెల్ఫ్ అద్దం తుడిచి వెళ్లాడు.